వెనక నడిచే నీడలు

సాయంత్రమయ్యేసరికి కుట్టుపిన్ని మిషన్ను గుమ్మంలోకి జరుపుకునేది. వెలుతురు కోసమని అందరూ అనుకునేవాళ్ళు. కాదని ఆమె ఎప్పుడూ అనలేదు. నల్లబట్ట మీద నల్లదారం నడపాలంటే ఎండ ఇచ్చే ధైర్యం దీపం ఇవ్వదు మరి. కాని కాళ్ళు మిషను తొక్కుతున్నా ఆమె కళ్ళు మాత్రం ఎదుటి గోడ మీదే ఉండేవి.

ఆ వీధిలో వాళ్ళదే ఆఖరి ఇల్లు. పక్కన ఖాళీ జాగా. ఎదురుగా పండ్ల గోదాం వెనకగోడ, ఈ కొస నుంచి ఆ కొసకి సున్నం కొట్టిన తెల్లటి గోడ. పొద్దు వాలే వేళ ఖాళీ జాగా మీదుగా ఎండ వచ్చి ఆ గోడ నిండా పరుచుకునేది. సరిగ్గా అప్పుడే నారింజ తోటల్లో పురుగుమందు కొట్టే మగవాళ్ళు పని దిగి ఇళ్ళకి వచ్చేవాళ్ళు. వీపున ఖాళీ డబ్బాలు, భుజాన చుట్టలు చుట్టిన గొట్టాలు. వాళ్ళ నీడలు గోడ మీద నడిచేవి. ఆ నీడల వెనక చిన్ననీడలు నడిచేవి.

మగపిల్లాడికి గొంతు పగిలే వయసులో వాడి నీడ వెనక చిన్ననీడలు చేరడం ఆ ఊళ్ళో మామూలే. అవి వాడికి పుట్టబోయే పిల్లలవి. బిడ్డ పుట్టగానే ఒక నీడ తండ్రి వెనక నుంచి తప్పుకుని బిడ్డ కాళ్ళ కింద చేరేది. పాలపళ్ళు ఊడి గట్టిపళ్ళు రావడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ఎవరూ ఆగి చూసేవాళ్ళు కాదు. టీకొట్టాయన పెళ్ళికి ముందు అటు వెళ్తుంటే గోడ మీద బడి వదిలినట్టుండేదట. ఆయన్ని చేసుకోబోయే పిల్ల అది చూసి కళ్ళు తిరిగి కూర్చుండిపోయిందని, కుట్టుపిన్ని అత్తగారు, అంటే ఇంట్లో ముసలమ్మ, ఎన్నిసార్లు చెప్పినా కొత్తగా నవ్వేది. అందుకే ఆ ఊళ్ళో పెళ్ళిచూపులు సాయంత్రం ఎండలోనే పెట్టుకునేవాళ్ళు.

కుట్టుపిన్నిని చూసుకున్న రోజున మాత్రం మబ్బు పట్టింది. ఎవరూ కావాలని చేసింది కాదు. పొరుగూరి పిల్ల, మళ్ళీ రావడం కష్టం, కుర్రాడు బుద్ధిమంతుడు, అంతే. పెళ్ళయిన కొత్తలో ఒక సాయంత్రం గుమ్మంలో నిలబడి మొగుడి కోసం చూస్తుంటే, అందరి వెనకా ఆయన వచ్చాడు. గోడ మీద ఆయన నీడ ఒక్కటే వచ్చింది. ఎండుకొమ్మలాగా ఒంటిగా, పొడుగ్గా. ఆమె లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆయన తాగి, గ్లాసు చేతికిస్తూ, ‘నాకు మొదట్నుంచీ అంతే’ అన్నాడు. ఆమె సరే అంది. దేవుడి పటం దగ్గర దీపం పెట్టేటప్పుడు ఏదైనా అడుగుదామని నోటిదాకా వచ్చేది. దేవుడికి తెలియనిదా అని ఊరుకునేది. అట్లా ఊరుకుంటూనే ఏళ్ళు గడిచాయి.

అమ్మలక్కలు మాత్రం ఊరుకోలేదు. గోడ మీద కనిపించేది కనిపిస్తున్నా, తప్పు గోడదో మగాడిదో అనడానికి నోరు రాదు కదా, కోడలిదే అనేవాళ్ళు. ఆమె కాలు పెట్టిన వేళ అనేవాళ్ళు. ఆ మాటలు వినిపించినప్పుడు ఆమె మిషను ఇంకొంచెం గట్టిగా తొక్కేది.

ఆమె మొగుడు తోటల్లో మందు మేస్త్రి. ఏ చెట్టుకి ఎంత కొట్టాలో, గాలి ఎటు తిరుగుతుందో ఆకు చూసి చెప్పేవాడు. మాట తక్కువ మనిషి. ఆయన అన్నగారి ఇల్లు రెండో పక్కనే, మధ్యలో గోడ కూడా లేదు. ఆ అన్నగారి కొడుకు పాకడం నేర్చింది పిన్ని మిషను కింద, నిలబడింది ఆ మిషను కాలు పట్టుకుని. మాటల కంటే ముందు వాడికి ఈల వచ్చింది. పక్షి కూస్తే తిరిగి కూసేవాడు, రైలు కూస్తే రైలుకే సందేహం వచ్చేటట్టు కూసేవాడు. వాడిని అసలు పేరుతో పిలిచింది బళ్ళో పంతులొక్కడే. మిగతా అందరికీ వాడు ఈలగాడు.

వాడికి పధ్నాలుగో ఏడు నడుస్తుండగా ఒక సాయంత్రం గోడ పక్కన నడుస్తూ నడుస్తూ గిరుక్కున వెనక్కి తిరిగాడు. వాడి నీడ వెనక ముగ్గురున్నారు. ఒకరికంటే ఒకరు పొట్టి. వాడు పరిగెత్తితే వాళ్ళూ పరిగెత్తారు, ఆగితే ఆగారు. ఆఖరిది ఆగలేక ముందువాడిని ఢీకొంది. వాళ్ళమ్మ చేతిలో చీపురు వదిలేసి నవ్వింది. పిన్ని పళ్ళ మధ్య దారం అట్లాగే ఉండిపోయింది.

‘ఏరా, ముగ్గురా! పిల్లని చూడమంటావా?’ అంది వాళ్ళమ్మ.

‘ముందు లెక్కల పరీక్ష చూసుకోమను. ముగ్గుర్నీ ఏం పెట్టి పెంచుతాడు, ఈలా?’ అంది లోపలినుంచి ముసలమ్మ.

ఆ ఏడు సెలవుల్లో వాడు తోటపనికి వెళ్తానన్నాడు. వెళ్ళమని ఎవరూ అనలేదు, వద్దని కూడా ఎవరూ అనలేదు. మేస్త్రి అయితే లోలోపల పొంగిపోయాడు. వాడికి చిన్న డబ్బా చూసి తెచ్చి, పట్టీలు వాడి భుజానికి సరిపోయేటట్టు పెళ్ళాం చేత కుట్టించాడు. తనూ సరిగ్గా ఆ వయసులోనే డబ్బా ఎత్తానని, అప్పుడు పట్టీలు కూడా ఉండేవి కావని, తాళ్ళు కోసుకుపోయేవని ఆ రోజు నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడాడు.

తోటలో వాడికి రాజభోగమే. ఎందుకంటే ఆ తోటల్లో పనంతా ఈల మీద నడిచేది. నారింజ చెట్లు గుబురుగా పెరిగి ఈ సాలులో మనిషి ఆ సాలులో మనిషికి కనపడడు. చూసుకోకుండా ఎదురెదురుగా కొడితే మందు మొహాన పడుతుంది. అందుకని సాలు చివరికి వచ్చినవాడు పొడుగ్గా ఒక ఈల వేస్తాడు. అవతలివాడు పొట్టిగా బదులు వేస్తే, వస్తున్నాను, ఆగమని. తాతల నాటి పద్ధతి. ఈల వెయ్యాలంటే మూతి తెరిచి ఉండాలి కాబట్టి ఎవరూ మూతికి గుడ్డ కట్టేవాళ్ళు కాదు. తోట యజమాని ఎప్పుడో ఒక పెట్టెడు మూతిగుడ్డలు ఇస్తే, వాటితో డబ్బాలు తుడిచారు. మొహాన మందు పడకుండా కాపాడేది ఈల. ఆ ఈల కోసమే మందు గాలంతా లోపలికి పీల్చేవాళ్ళు. ఇందులో తిరకాసు ఉందని ఎవరికీ తోచలేదు. చిన్నప్పట్నుంచీ చూసింది ఎవరికైనా తిరకాసులా ఎందుకు కనిపిస్తుంది?

ఈలగాడి ఈల తోట దాటి వినిపించేది. పెద్దవాళ్ళు వాడిని మధ్యసాలులో పెట్టి నాలుగు వైపులా వాడి చేతే ఈల వేయించేవాళ్ళు. సెలవులు అయిపోయినా వాడు ఆదివారాలు వెళ్ళాడు, తర్వాత బడి అయ్యాక సాయంత్రాలు వెళ్ళాడు. చొక్కా తడిసి వీపుకి అంటుకుని వచ్చేవాడు. ఆ చొక్కాతోనే అన్నం తినేవాడు. వాడి తల నిమిరితే పిన్ని చేతికి మందు వాసన అంటుకునేది. మొగుడి వాసనే కదా, ఇన్నేళ్ళ అలవాటు, ఆమెకి తేడా తెలియలేదు.

తేడా ముందు గోడకి తెలిసింది.

వానలు వెలిసాక ఎండ మళ్ళీ గోడెక్కిన సాయంత్రం, వాడి వెనక ఆఖరిది నాలుగడుగులు వెనకబడి నడుస్తోంది. ఆటలాడుతోందేమో అనుకుంది పిన్ని. మర్నాడు చూస్తే అది చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుని, ముక్కు మూసుకున్నట్టు నడుస్తోంది. ఆ తర్వాత కొన్నాళ్ళకి నడిమిది కూడా అట్లాగే. సున్నం గోడ మీద తడిచెయ్యి వేస్తే ఆరిపోయే ముద్రలాగా పలచబడుతున్నారు. ఒక సాయంత్రం ఆఖరిది రానే లేదు.

బడి లాగులు కుట్టడానికి వాడికి కొలత తీసుకుంటే నిరుటి కొలతే వచ్చింది. గొంతు కూడా అటు పిల్లాడిదీ కాక ఇటు మగాడిదీ కాక మధ్యలో ఆగిపోయింది. తోటివాళ్ళకి నూనూగు మీసం వస్తుంటే వీడి పెదవి కడిగిన పళ్ళెంలాగా ఉంది. వాళ్ళ నాన్న కూడా ఆలస్యంగానే ఎదిగాడులే అంది వాళ్ళమ్మ.

ఆస్పత్రి నర్సు తన యూనిఫారాలు పిన్ని దగ్గరే కుట్టించుకునేది. జాకెట్టు చేతులు సరిచూసుకుంటున్న నర్సుతో పిన్ని అటూ ఇటూ తిప్పి మాట ఎత్తింది. నర్సు చేతులు దింపేసింది. ఆ వయసులో మగపిల్లాడి ఒంట్లో విత్తనం తయారయ్యే చోటు అప్పుడప్పుడే కట్టుకుంటూ ఉంటుందట. మందు ఊపిరితో పోతుంది, తడిచొక్కా గుండా చర్మంలోంచీ పోతుంది. పెద్దవాళ్ళకీ చెడే, కాని ఎదిగే పిల్లాడికి ఇంకా చెడు.

‘పెద్దచెట్టు మీద పడితే ఆకు రాలుతుంది పిన్నిగారూ, నారు మీద పడితే మొదలే మాడుతుంది. అందరికీ అట్లాగే అవుతుందని కాదు. ఇప్పుడు ఆపేస్తే కొంత తిరిగి రావచ్చు. అంతా వస్తుందని మాత్రం నేను చెప్పలేను. ముందు పిల్లాడిని డాక్టరుగారి దగ్గరికి తీసుకురండి’ అంది.

ఆ రోజు సాయంత్రం పిన్ని మిషను ముట్టుకోలేదు. గుమ్మంలో అత్తగారి పక్కన కూర్చుంది. మగవాళ్ళు వస్తున్నారు. మేస్త్రి నీడ ఒంటిగా వచ్చింది. దాని పక్కన పిల్లాడి నీడ, దాని వెనక ఇద్దరు, పొగలాగా. ముసలమ్మ ఎప్పటిలాగే గోడ వైపు చూడకుండా ఒళ్ళో చేతుల వంక చూసుకుంటోంది. ఇన్నేళ్ళుగా ఆమె అట్లాగే చూసుకునేది. ఆ చూపు ఎందుకో పిన్నికి అప్పుడు తెలిసింది.

‘అత్తయ్యా, మీ చిన్నబ్బాయి వెనక ఎవరుండేవాళ్ళు?’ అని అడిగింది.

ముసలమ్మ అబద్ధం ఆడే మనిషి కాదు, అడగనిది చెప్పే మనిషీ కాదు.

‘ఇద్దరు. ఒకతి రెండు జడల పిల్ల. రెండోవాడు కుదురుగా నడిచేవాడు కాదు, గెంతుకుంటూ వచ్చేవాడు. మావాడు డబ్బా ఎత్తిన ఏడాదే ఇద్దరూ పోయారు. వీడు పొద్దున్నే వెళ్ళి తల వంచుకుని వచ్చేవాడు, ఒక్కనాడు వెనక్కి తిరిగి చూసుకోలేదు. చూడనిది చెప్పి ఏడిపించడం ఎందుకని ఊరుకున్నాను. దేవుడిచ్చాడు, దేవుడే తీసుకున్నాడనుకున్నాను’ అంది.

‘దేవుడి మీద పెట్టకండి అత్తయ్యా’ అంది పిన్ని, మెల్లిగానే. అత్తగారికి ఎదురు చెప్పడం ఆమెకి అదే మొదలు.

మేస్త్రి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. డబ్బా ఇంకా వీపునే ఉంది. ఎంత విన్నాడో తెలియదు, మొత్తం విన్నట్టే ఉంది మొహం. ఎవరూ ఏమీ అనకముందే వెనక్కి తిరిగి, వీధి దాటి, గోడ దగ్గరికి వెళ్ళాడు. తన నీడ వెనక ఖాళీగా ఉన్న సున్నాన్ని అరచేత్తో తడిమాడు, చీకట్లో మంచం మీద పిల్లల కోసం తడుముకున్నట్టు. ఆ చెయ్యి గోడ మీద ఎంత దూరం వెళ్ళిందో పిన్ని చూసింది. ఆమె వెళ్ళి పక్కన నిలబడింది. నర్సు చెప్పిందంతా చెప్పింది.

మర్నాడు ఈలగాడు డబ్బాతో తయారైతే మేస్త్రి పట్టీ పట్టుకుని దింపేశాడు. వాడు ఎగిరిపడ్డాడు. తోటంతా తన ఈల మీదే ఆధారపడి ఉందని, రేపట్నుంచి ఎవడు వేస్తాడని, మూతి ముడుచుకుని తిండి మానేశాడు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి తెచ్చినా, ఆయన చెప్పిందీ అదేనన్నా, ముడుచుకున్న మూతి విప్పలేదు. చివరికి ఒక సాయంత్రం మేస్త్రి వాడి భుజం మీద చెయ్యి వేసి గోడ దగ్గరికి నడిపించాడు. బాబాయి నీడ, అబ్బాయి నీడ పక్కపక్కన నిలబడ్డాయి.

‘నా వెనక చూడు’ అన్నాడు.

‘ఎవరూ లేరు బాబాయ్. నీకు మొదట్నుంచీ అంతే కదా.’

‘ఇద్దరుండేవాళ్ళటరా. ఒకతికి రెండు జడలట. ఎట్లా ఉండేదో నేను చూడలేదు. నేను ఈల వేసుకుంటూ పోయాను.’

వాడు తన వెనక ఉన్న ఇద్దరినీ, వాళ్ళు మొహానికి అడ్డం పెట్టుకున్న చేతుల్నీ చాలాసేపు చూశాడు. ఆ తర్వాత మళ్ళీ డబ్బా ముట్టుకోలేదు.

కాని తోటలో మిగతావాళ్ళు? వాళ్ళకీ కొడుకులున్నారు. మూతికి గుడ్డ కడితే ఈల ఎట్లా అని తోటలో పెద్ద గొడవ జరిగింది. తాతల నాటి పద్ధతి అన్నారు. నీకు లేరని మమ్మల్ని భయపెడుతున్నావా అని కూడా ఒకాయన అన్నాడు. మేస్త్రి ఆ మాట దిగమింగి ఇంటికొచ్చాడు. మిషను పక్కన కూర్చున్న ఈలగాడే తల గీరుకుంటూ, ‘సైకిలు గంట కట్టుకుంటే పోలా’ అన్నాడు.

వెతికి వెతికి సైకిలు కొట్టులో పాత గంటలన్నీ ఏరి తెచ్చారు. గొట్టం పిడికి ఒక్కొక్కటి బిగించారు. పొడుగ్గా మోగిస్తే సాలు చివర ఉన్నాను, పొట్టిగా మోగిస్తే ఆగు. పిన్ని మందపాటి బట్టతో నిండుచేతుల చొక్కాలు కుట్టి, పని దిగగానే తోటలోనే విప్పి ఉతుక్కోమంది. మీసం రానివాడు డబ్బా ఎత్తకూడదని మేస్త్రి కట్టడి పెట్టాడు. యజమాని ఆస్పత్రి వాళ్ళ మాట విని మంచి ముసుగులు తెప్పించాడు, ఈసారి వాటితో డబ్బాలు తుడవలేదు. కొన్నాళ్ళకి మేస్త్రి తనూ మందుపని మాని అంటుమొక్కలు కట్టే పందిట్లోకి మారాడు. ఆ తోటల్లో ఇప్పటికీ చెట్ల మధ్య గంటలు మోగుతుంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళు ఇన్ని సైకిళ్ళు ఎక్కడ తిరుగుతున్నాయా అని వెతుక్కుంటారు.

గంటల కోసం కొట్టుకి వెళ్ళిన ఈలగాడు చక్రం ఊడదీయడం చూస్తూ అక్కడే నిలబడిపోయాడు. బడి అయ్యాక ఆ కొట్టే వాడి పనిచోటు అయింది, తర్వాత వాడిదే అయింది.

గోడ మాత్రం తొందరపడలేదు. వాడు తోటపని మానిన తర్వాత కూడా మిగిలిన ఇద్దరూ పలచబడుతూనే వచ్చారు. ఒక ఎండాకాలమంతా వాడి నీడ కూడా ఎండుకొమ్మలాగా ఒంటిగా నడిచింది. ఆ ఎండాకాలం పిన్ని దీపం దగ్గర మొదటిసారి నోరు తెరిచి అడిగింది. నాకని కాదు అని కూడా చెప్పుకుంది. ఆ మరుసటేడు వాడి గొంతు మగాడి గొంతులోకి దిగింది. మీసం వచ్చింది. ఒక సాయంత్రం గోడ మీద వాడి మడమల దగ్గర ఒక మసక కదిలింది. మరికొన్నాళ్ళకి ఇంకొకటి. ఎవరివో పోల్చుకునేంత చిక్కగా లేవు. మూడోది ఇక రాలేదు. వాళ్ళమ్మ ఇద్దరు చాలులే అని నవ్వింది గాని, ఆ మూడోది ఆగలేక ముందువాడిని ఢీకొన్న సాయంత్రాన్ని పిన్ని ఎన్నటికీ మర్చిపోలేదు.

వాడికి పెళ్ళయింది. మంచి ఎండలోనే చూసుకున్నారు. ఆడపిల్ల పుట్టింది, తర్వాత మగపిల్లాడు. వాళ్ళు కూడా పిన్ని మిషను కిందే పాకారు. మేస్త్రి జుట్టు అప్పటికి గోడకంటే తెల్లబడింది. రోజూ సాయంత్రం పిల్లలిద్దరినీ అంటుమొక్కల పందిట్లోకి తీసుకెళ్ళి, ఏ కొమ్మకి ఏ కొమ్మ ఎట్లా కలిసిపోతుందో చూపించి, పొద్దు వాలే వేళకి తిరిగొచ్చేవాడు. ఒకచోట మొలవనిది ఇంకోచోట మొలుస్తుంది, కట్టు గట్టిగా ఉండాలంతే అని వాళ్ళకి చెప్పేవాడు.

ముసలమ్మకి అప్పటికి చూపు లేదు. గుమ్మం పక్క మంచంలో కూర్చుని, ఎండ ఏ వేళకి మోకాలి మీదకి వస్తుందో దాన్ని బట్టి, మగవాళ్ళు వచ్చే వేళ కనిపెట్టేది. చూపున్నన్నాళ్ళూ గోడ వైపు చూడని మనిషి, చూపు పోయాక రోజూ అడగడం మొదలుపెట్టింది. గోడ మీద ఎవరున్నారమ్మా అని. పిన్ని సూదిలోకి దారం ఎక్కిస్తూ చెప్పేది.

ఆ రోజు ఎండ బాగా పచ్చగా ఉంది. మేస్త్రి గోడ పక్కన నెమ్మదిగా వస్తున్నాడు. మోకాళ్ళ నొప్పి, పిల్లలు ఆయన్ని దాటి పోకుండా వెనకే నడుస్తున్నారు. పొద్దున పిన్ని ఒక జడ వేస్తానంటే ఆ పిల్ల ఒప్పుకోలేదు, ఎప్పుడూ ఒప్పుకోదు, రెండే కావాలంటుంది. తమ్ముడు సరేసరి, వాడికి కుదురుగా నడవడం రాదు.

‘మా వాడి నీడ వచ్చిందా అమ్మాయ్?’ అంది ముసలమ్మ.

‘వచ్చింది అత్తయ్యా.’

‘ఒంటిగానేనా?’

పిన్ని చేతిలో దారం సూది కన్ను దగ్గర ఆగిపోయింది. ఆమె గోడ వంకే చూస్తోంది.

‘కాదు. వెనక ఇద్దరున్నారు. ఒకతికి రెండు జడలు. రెండోవాడు గెంతుకుంటూ వస్తున్నాడు’ అంది.

ముసలమ్మ ఒళ్ళో చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

‘ఎంత దూరం తిరిగొచ్చారో పాపం’ అంది.

గుమ్మానికి అడ్డంగా ఉన్న మిషన్ను కుట్టుపిన్ని లేచి పక్కకి జరిపింది. వాళ్ళు లోపలికి రావాలి కదా.